సంతలో కొన్న కుర్తాలు, అత్తగారి పెట్టెలో చీరలు

ఈసారి ఉత్తరం ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి. పేరు, వీధి రాయవద్దని కోరారు కాబట్టి అవి ఉండవు. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆమెకు 24 ఏళ్ళు. పుట్టిల్లు ఆంధ్రలో పాతపట్నం వైపు ఒక పల్లె. పెళ్ళయి రెండేళ్ళయింది. భర్త ఒక దుకాణంలో లెక్కలు రాస్తారు, ఆమె ఒక చిన్న ప్రైవేటు బడిలో పసిపిల్లలకు అక్షరాలు నేర్పుతారు. ఇప్పుడు ఆరో నెల. పెళ్ళినాటి కుర్తాలు ఒక్కటీ పట్టడం లేదు. బరంపురం వెళ్ళినప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళ బట్టలమ్మే దుకాణంలో అడిగితే ఒక్కో కుర్తా 900 పైమాటే అన్నారట. నాలుగు నెలల ముచ్చటకు అంత దేనికని, వారపు సంతలో పాత బట్టల కుప్ప దగ్గర కూర్చుని మూడు పెద్ద కుర్తాలు, రెండు మగవాళ్ళ చొక్కాలు ఏరి, అన్నీ కలిపి 200కి బేరమాడి తెచ్చుకున్నారు. పుట్టింటివారు సారెలో పెట్టిన కుట్టుమిషను ఉంది. మొదటి కుర్తా కత్తిరించి పాడుచేశారు: భుజాలేమో జారిపోతున్నాయి, పొట్ట దగ్గరేమో ఇంకా బిగుతే. రెండోది ఉతికి తీగ మీద ఆరేస్తే అత్తగారి కంటబడింది. "ఏ శవం మీంచి తీసిన గుడ్డో, కడుపుతో ఉన్న ఒంటికి తగిలిస్తావా" అని కర్రతో తీసి పెరట్లో పడేశారు. భర్త "మనకంత గతి లేదా, ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి" అన్నారు గానీ, పద కొత్తవి కొందాం అన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. విశాఖలో ఉన్న పెద్దాడపడుచు తన కాన్పునాటి బట్టలు ఒక సంచీడు పంపుతానంటున్నారు, కాకపోతే "మా తమ్ముడి సంపాదన నాకు తెలియదా" అనే మాటతో కలిపి. "ఎలా కుట్టుకోవాలో చెప్పండి. ఎవరి మాట వినాలో కూడా చెప్పండి. మా అత్తగారికి తెలియకుండా కుట్టుకుంటే తప్పవుతుందా?" అని ముగించారు.

అమ్మా, ముందు ఆ పాడైన కుర్తా సంగతి చూద్దాం. అది కుట్టు రాక పాడవలేదు. కుప్పలోంచి ఏరినప్పుడే దారి తప్పింది. కడుపు పెరుగుతుంది కదా అని మీరు రెండు సైజులు పెద్దది తీసుకున్నారు. కానీ కడుపుతో ఉన్నంత మాత్రాన భుజాలు పెరగవు. మెడ పెరగదు, చేతులు కొంచెం ఒళ్ళు చేస్తాయంతే. పెరిగేది ఛాతీ, దాని కింద పొట్ట. 20 వారాలకి గర్భసంచి బొడ్డు దాకా వస్తుంది, 36 వారాలకి పక్కటెముకల కిందికి ఎక్కేస్తుంది. అంటే వెడల్పు కావాల్సింది ఛాతీ కింద నుంచి తుంటి దాకా ఉన్న ఆ జానెడు, జానెడున్నర చోటులోనే. పెద్ద సైజు కుర్తా ఆ వెడల్పును భుజాల మీద పెట్టి ఇస్తుంది, అక్కడది మనకు పనికిరాదు. కాబట్టి ఈసారి కుప్ప దగ్గర కూర్చుంటే ముందు భుజం చూడండి. భుజం కుట్టు మీ భుజం ఎముక మీద ఆగాలి. చంక కింద రెండు వేళ్ళ సందు ఉంటే చాలు. పొట్ట దగ్గర పట్టకపోయినా ఫరవాలేదు, దాన్ని మనం పెంచుకుంటాం.

పెంచడానికి చవకైన పద్ధతి కలీలు వేయడం, అంటే రెండు పక్కలా త్రిభుజపు గుడ్డ ముక్కలు అతకడం. చంకకి మూడంగుళాల కింద నుంచి అంచు దాకా రెండు పక్కలా కుట్టు విప్పండి. బ్లేడుతో కాదు, సూది మొనతో ఒక్కో కుట్టు లేపి దారం లాగుతూ. టేపుతో పొట్ట ఎత్తుగా ఉన్న చోట చుట్టుకొలత తీసి, దానికి ఎనిమిది అంగుళాలు కలపండి. నెలలు నిండేసరికి అంత అవసరపడుతుంది, ఊపిరాడే వదులూ అందులోనే ఉంటుంది. ఆ మొత్తంలోంచి కుర్తా అక్కడ ఇప్పుడెంతుందో తీసేస్తే మిగిలేది పొట్ట దగ్గర కలీల వాటా. సగం ఈ పక్క, సగం ఆ పక్క. కలీ అంటే పైన మొన, కింద వెడల్పు ఉన్న పొడుగాటి త్రిభుజం. కుట్టులోకి పోయే గుడ్డ కోసం ఇరువైపులా అరంగుళం వదలడం మరవకండి. కలీకి వేరే రంగు గుడ్డ వాడితే అతుకు అని ఎవరూ అనుకోరు, డిజైన్ అనుకుంటారు. ముదురు రంగైతే మనిషి కాస్త సన్నగానూ కనబడుతుంది.

ఇంకొకటి, దర్జీలు కూడా ఒక్కోసారి మరిచిపోయేది. ఎనిమిదో నెలలో అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడితే తెలుస్తుంది: పొట్ట గుడ్డని పైకి ఎగదీస్తుంది. వెనక అంచు మోకాలి దగ్గర ఉంటే ముందు అంచు రెండు మూడంగుళాలు పైన వేలాడుతుంది. చూసేవాళ్ళకి బట్ట చాలలేదన్నట్టుంటుంది. అందుకని పొడుగు కుర్తానే ఎంచుకుని, ముందు భాగం అంచు మడత విప్పేసి పొడుగు వదలండి, వెనక మాత్రం రెండంగుళాలు ఎక్కువ మడిచి కుట్టండి. ఇప్పుడు వేసుకుంటే ముందు వేలాడినట్టు కనిపిస్తుంది, కంగారుపడకండి. రెండు నెలల్లో సరిపోతుంది.

ఆ మగ చొక్కాలు నిజానికి మీ సంతబేరంలో మేలైన సరుకు. ముందంతా గుండీలే కాబట్టి బిడ్డకి పాలివ్వడానికి ఇంతకన్నా వీలైన బట్ట లేదు. దుకాణంలోనైతే పాలివ్వడానికి కుర్తాలో దాచి కుట్టిన జిప్పులకే అదనంగా డబ్బు తీసుకుంటారు. ఒక చొక్కాని ఛాతీ కింద రెండంగుళాల దగ్గర అడ్డంగా కత్తిరించి, రెండో చొక్కా వీపు గుడ్డని కుచ్చులు పెట్టి దానికి కలపండి. కుచ్చులన్నీ ముందువైపే రావాలి, పక్కలకి కాదు. పక్కలకి పోతే తుంటి లావుగా కనబడుతుంది, పొట్టకి చోటు రాదు. గుండీలు ఎడమా కుడీ తిరగబడ్డాయని పట్టించుకోకండి, పాలకోసం ఏడ్చే బిడ్డకి ఆ తేడా తెలియదు.

చుడీదార్ ప్యాంటుకి కుట్టుకన్నా కత్తెరే ఎక్కువ పని చేస్తుంది. నడుము పట్టీ ముందు భాగాన్ని ఉగాది పచ్చడి గిన్నె అంచులా కిందికి వంపు తిప్పి కత్తిరించి, ఆ ఖాళీలో పాత టీషర్టు గుడ్డ అతికించండి. ఆ గుడ్డని రెండు దిక్కులా లాగి చూడండి. ఎటు ఎక్కువ సాగుతుందో అది పొట్ట చుట్టూ రావాలి, నిలువుగా రాకూడదు. మీది పాత రకం మిషను కాబట్టి తిన్నని కుట్టే పడుతుంది. అందుకే కుట్టేటప్పుడు గుడ్డని కొంచెం సాగదీసి పట్టుకోండి, నూలు దారం కాకుండా పాలిస్టర్ దారం వాడండి. లేకపోతే కూర్చున్న మొదటిసారే దారం టప్ మని తెగుతుంది. పాత బట్టలో వచ్చిన ఎలాస్టిక్‌ని మాత్రం నమ్మకండి. లాగితే లోపల చిటచిటమన్నదంటే అది చచ్చిపోయింది. చీర కట్టే రోజులకి లంగా బొందు సన్న తాడు తీసేసి రెండంగుళాల గుడ్డ పట్టీ వేసుకుని పొట్ట కింద కట్టుకోండి, పొట్ట మీద కాదు. జాకెట్టు హుక్కులు అందకపోతే ఒక వైపు హుక్కులు, ఒక వైపు కాజాలు ఉన్న రెండంగుళాల పట్టీ ముక్క కుట్టుకుంటే చాలు. కాన్పయ్యాక తీసేయొచ్చు, జాకెట్టు పాడవదు.

గుడ్డ ఏదో తెలియకపోతే లోపలి మడతలోంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో అంటించి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. కరిగి చిన్న పూసలా గట్టిపడితే పాలిస్టర్. మన ఎండలకి, ఈ నెలల్లో పట్టే చెమటకి, పొట్ట మీద సాగే చర్మానికి నూలే మేలు.

కుట్టు పని మాత్రం వెనక్కి నెట్టకండి. ఎనిమిదో నెల వచ్చాక పొట్ట మిషను బల్లకి తగులుతుంది, వంగలేరు. ఎనిమిదో నెల బట్టని ఇప్పుడే కుట్టి పెట్టుకోండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తూ. మాటలో మాట: ఏదో ఒక వారంలో ఉన్నట్టుండి గాజులు, చెప్పులు బిగిసి, మొహం, చేతులు ఉబ్బి, తలనొప్పి వస్తే మాత్రం కుట్లు విప్పుతూ కూర్చోకండి. అది బట్ట బిగుతు కాదు, రక్తపోటు కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి.

ఇక ఇంటి సంగతి.

మీ అత్తగారితో "ఇవి శవాల బట్టలు కావు" అని వాదించకండి. నెగ్గలేరు. స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు పట్టుకుపోయేవాళ్ళు ఎన్నో ఇళ్ళ గుమ్మాలు తిరుగుతారు, అవి చేతులు మారి మారి కుప్పలోకి వస్తాయి. ఏ గుడ్డ ఎవరిదో సంతలో అమ్మేవాడికే తెలియదు. తెలియనిదాన్ని మీరెలా రుజువు చేస్తారు? పైగా ఆమె భయమంతా ఉత్త చాదస్తమూ కాదు. ఎవరి ఒంటి మీదో ఉన్న గుడ్డకి గజ్జి పురుగు ఉండొచ్చు. ఆ పురుగు మనిషి ఒంటిని వదిలితే సాధారణంగా రెండు మూడు రోజులకి మించి బతకదు, వేడికి ఇంకా త్వరగా చస్తుంది. కాబట్టి సంత నుంచి తెచ్చిన గుడ్డని వారం రోజులు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెరట్లో ఉంచి, తర్వాత బాగా వేడి నీళ్ళలో సబ్బుతో నానబెట్టి, తిరగేసి ఎండలో ఆరేసి, కుట్ల వెంబడి ఇస్త్రీ పెట్టెను గట్టిగా నొక్కి నడిపితే ఆ దిగులు తీరుతుంది. ఈ పనిని మీ అత్తగారి కళ్ళెదుట చేయండి. చాటుగా కాదు. ఆమె శవం అన్న మాటలో సగం ఈ శుభ్రం గురించిన బెంగే అయివుండొచ్చు. ఆ సగం తీరితే మిగతా సగం కొంత మెత్తబడుతుంది.

ఇక్కడ మరో సంగతి చెప్పాలి, దీన్ని మీరు అత్తగారి మీద ఆయుధంగా వాడనని మాటిస్తేనే. సంత బట్టకన్నా జాగ్రత్త పడాల్సింది ఇంట్లో పెట్టెలో దాచిన బట్టల విషయంలో. బిడ్డ కోసమని పాత పంచెలు, చీరలు పెట్టెలో పెట్టి కలరా ఉండలు వేస్తారు కదా. ఆ ఉండల్లో చాలావాటిలో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. అలాంటి పసిగుడ్డుకి ఆ వాసన పట్టిన గుడ్డ చుడితే రక్తకణాలు చితికి కామెర్లు ముదరొచ్చు. ఏ బిడ్డకి ఉందో ముందుగా మనకి తెలియదు. కాబట్టి బిడ్డ బట్టల్లో ఆ ఉండలు వద్దు, ఎండిన వేపాకు వేయండి. ఇప్పటికే వాసన పట్టినవుంటే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఎండలో పెట్టండి. పోకపోతే అవి బిడ్డకి వద్దు. ఈ మాట మీరు చెబితే కోడలు నేర్పొచ్చింది అంటారు. మీ వీధి ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీతో చెప్పించండి.

మీ ముందున్న దారులు నాకు కనిపించినంతవరకు ఇవి.

చాటుగా కుట్టుకోవడం తప్పా అన్నారు. తప్పొప్పులు పక్కన పెడదాం, అది సాగదు. కుట్టేటప్పుడు మిషను చప్పుడు చేస్తుంది, ఉతికితే తీగ మీద ఆరేయాలి, ఆరేస్తే మళ్ళీ కర్ర వస్తుంది. ఈసారి మాట "పాత గుడ్డ" అని రాదు, "నా కళ్ళు కప్పింది" అని వస్తుంది. గుడ్డ తగాదా నెలలో మరిచిపోతారు. కళ్ళు కప్పిందన్నది మీ బిడ్డ పెళ్ళి దాకా వినబడుతుంది.

ఆడపడుచు సంచీ తెప్పించుకుంటే బట్టల బెడద తీరుతుంది, పైసా ఖర్చు లేదు, అత్తగారు నోరెత్తరు, కూతురి బట్టలు కదా. బదులుగా చెల్లించేది ఆ ఒక్క మాట. ఇంకో పదిసార్లు, పదిమంది ముందు వినాల్సి రావచ్చు. అది మీకెంత బరువో మీకే తెలియాలి. కొందరికి చెవిపక్క నుంచి గాలిలా పోతుంది, కొందరికి పాలు పడుతున్న వేళ కూడా గుర్తొస్తుంది. మీ ఉత్తరంలో ఆ మాటని రెండు చోట్ల రాశారు, మీరు రెండో రకం అని నా ఊహ. అయినా తీసుకోవాలనుకుంటే దానంగా కాక అరువుగా తీసుకోండి: "వదినా, రెండు కుర్తాలు పంపండి, వాడుకుని ఉతికి మీకే పంపేస్తాను. వాటికి కొలతలు చూసి నేను కుట్టుకుంటాను" అని. తిరిగి పంపేటప్పుడు వాళ్ళ పాపకి ఒక గౌను కుట్టి జత చేస్తే లెక్క సరి. అప్పుడా మాటకి కూర్చునే చోటు ఉండదు.

భర్తని కొత్తవి అడగడం ఇంకో దారి. దీన్ని మీరు వదిలేశారు, ఎందుకో నాకు అర్థం కాలేదు. పరువు మాట ఎత్తింది ఆయన. పరువుకి ధర ఉంటుంది, అది ఆయనకి తెలియాలి. కోపంతో కాదు, ఒక కాగితం మీద రాసి చూపించండి: దుకాణంలో నాలుగు కుర్తాలు 3,600. కుట్టుకుంటే దారాలు, ఎలాస్టిక్‌తో కలిపి 400 లోపు. మిగిలే 3,200 కాన్పు ఖర్చుకి. బహుశా ఆయన మధ్యస్థంగా ఒకటి కొనిపెడతారు. ఆ ఒక్కటీ బడికి, ఆసుపత్రికి వేసుకోండి, ఇంట్లోకి కుట్టుకున్నవి. చాలా ఇళ్ళలో నిజంగా జరిగేది ఇదే. ఇందులో నష్టం ఒకటుంది: ఆయన అప్పు చేసి నాలుగూ కొనుక్కొచ్చే రకమైతే ఈ లెక్క చూపించకపోవడమే మంచిది. ఏ రకమో మీకు తెలుసు. ఒడిశాలో 2011 నుంచి ఉన్న, గర్భిణులకు డబ్బు సాయమిచ్చే మమత పథకం కింద మీరు పేరు నమోదు చేయించుకున్నారో లేదో రాయలేదు. మొదటి రెండు కాన్పులకి ఇస్తారు, అంగన్‌వాడీలో అడగండి. కాకపోతే ఆ డబ్బు మీ తిండికీ విశ్రాంతికీ అని ఉద్దేశించింది. దాన్ని కుర్తాల్లో పెట్టకండి.

నాకు నచ్చిన దారి చివర్లో చెబుతున్నాను, నచ్చినంత మాత్రాన మీకు కుదరాలని లేదు. మీ అత్తగారిని ఆమె పాత నూలు చీర ఒకటి అడగండి. ఎన్నేళ్ళో కట్టి ఉతికి మెత్తబడ్డ నూలు చీర కన్నా కడుపుతో ఉన్న ఒంటికి హాయైన గుడ్డ ఏ దుకాణంలోనూ లేదు. కుదించుకోవాల్సిందంతా ఎప్పుడో కుదించుకుంది, వదలాల్సిన రంగంతా వదిలేసింది. అయిదున్నర మీటర్లలో ఒక నైటీ, ఒక కుర్తా వస్తాయి. పాత గుడ్డంటే మనవాళ్ళకి నిజంగా అసహ్యం లేదమ్మా. చాలా ఇళ్ళలో పుట్టిన బిడ్డకి పురుడు వెళ్ళేదాకా కొత్త బట్ట వెయ్యరు, తాతగారి పాత పంచె ముక్కలోనే చుడతారు. బొంతలన్నీ పాత చీరలే. అసహ్యం పాతదనం మీద కాదు, ముక్కూ మొహం తెలియనితనం మీద. 1936లో మీ పుట్టింటికీ అత్తింటికీ మధ్య రాష్ట్రాల గీత గీశారు గానీ, ఆ గీత దాటి వచ్చిన కోడళ్ళు తమ అమ్మల చీరలు తెచ్చుకుంటూనే ఉన్నారు, వాటిని ఎవరూ కర్రతో తీయలేదు.

ఈ దారికీ ఖర్చుంది. ఆమె చీరకి కత్తెర పెడుతున్నారు కాబట్టి ఆమె పక్కన కూర్చుంటారు. మెడ ఇంత దింపావేం, చేతులు పొడుగు పెట్టు, శుక్రవారం కత్తిరించకు అంటారు. మీ సరదాకి తగ్గ కుర్తా రాకపోవచ్చు. అడిగాక ఇవ్వనంటే ముఖం చిన్నబోతుంది కూడా. అందుకే "చీర ఇవ్వండి" అని అడగొద్దు. పాడైన కుర్తా ఆమె ముందు పెట్టి "ఇది నా చేత చెడింది అత్తయ్యా, మీరు కట్టి వదిలేసినదేదైనా ఉంటే మళ్ళీ ప్రయత్నిస్తాను" అనండి. కుట్టు చెడిందని ఒప్పుకోవడం మీకు చిన్నతనం కాదు, ఆమెకి మాత్రం పెద్దరికం.

సంతలో కొన్న మిగతావి ఏం చేయాలంటారా? చొక్కాలు రెండూ కలిపి కుట్టినదాన్ని కాన్పయ్యాక పాలిచ్చే రోజులకి దాచుకోండి. అప్పటికి మీరు పుట్టింట్లో ఉంటారు, కర్ర ఇక్కడ ఉంటుంది. పెరట్లో పడ్డ రెండో కుర్తాని మాత్రం తీసి వేడి నీళ్ళలో వేయండి, మూడోది దాని పక్కనే. మొదటిది భుజాల దగ్గర పోయింది గానీ కింద గుడ్డ బాగానే ఉందని రాశారు. అది పారేయకండి. రెండోదానికి కావలసిన కలీలు రెండూ దాని వీపులోంచే వస్తాయి. గుడ్డ నిలువు పోగు కలీకి కూడా నిలువుగానే పడేటట్టు పరిచి, సుద్దతో గీసుకుని, ఆ తర్వాతే కత్తెర పట్టండి.